కోసిన పువ్వు వయసెంత

బంతి పూలను కిలోల్లో తూస్తారు. మల్లె దండను మూరల్లో కొలుస్తారు. పెద్ద చామంతిలా ఉండే జెర్బెరాను పదేసి, గులాబీలను ఇరవయ్యేసి కాడల కట్టలు కట్టి లెక్కన అమ్ముతారు. ఏ పెద్ద పూల మార్కెట్‌కు వెళ్లినా ఈ మూడు కొలతలూ పక్కపక్కనే కనిపిస్తాయి కనుక అంతా ఒకటే వ్యాపారమనిపిస్తుంది. కానీ తూకానికి అమ్మే పువ్వూ, కాడ లెక్కన అమ్మే పువ్వూ వేర్వేరు లోకాలవి. తెల్లవారకముందే కోసిన మల్లె మొగ్గ సాయంత్రానికి జడలో విచ్చుకుంటే దాని పని అయిపోయింది. మర్నాటికి వాడిపోయిందని ఎవరూ అమ్మినవాళ్లను నిలదీయరు. వ్యాపారులు కట్ ఫ్లవర్ అని పిలిచే కాడ పువ్వు సంగతి వేరు. కొనేనాటికి అది చాలాసార్లు సగమే విచ్చుకుని ఉంటుంది. నీళ్ల కుండీలో పెట్టాక అది ఇంకా ఎన్నాళ్లు బతుకుతుందో, ఆ రోజులకే కొన్నవారు డబ్బు ఇస్తారు. మిగిలిన రోజులే అక్కడ సరుకు. మన తెలుగు రాష్ట్రాల పూల వ్యాపారంలో సరిగ్గా ఆ రోజులనే ఎవరూ కొలవరు. పాలీహౌస్‌లలో, అంటే ప్లాస్టిక్ కప్పు వేసిన ఇళ్లలో, పూలు పెంచే రైతుల కష్టాలకు చెప్పే కారణాలు చాలా ఉన్నాయి. ఈ కొలత లేకపోవడం మాత్రం వాటన్నిటి అడుగునా ఉంది.

ఒకే మొక్క ఈ రెండు వ్యాపారాల్లోనూ కాలు పెట్టడం చూడాలంటే గోదావరి జిల్లాల లిల్లీ తోటలు చూడాలి. అక్కడి రైతులు లిల్లీ అనే పువ్వు వృక్షశాస్త్రం ప్రకారం లిల్లీ కాదు. పుస్తకాల్లో అది రజనీగంధ, పాత తరం మాటలో నేల సంపెంగ. ఒంటి రేకల రకాన్ని రోజూ విడిగా కోసి కడియపులంక మార్కెట్‌కు పంపితే అది దండల్లో కలుస్తుంది. ముద్ద రకాన్ని కాడతో సహా కోస్తే బొకేలు కట్టే దుకాణానికి చేరుతుంది. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఈ రెండు అవసరాలకూ వేర్వేరు రకాలను రూపొందించింది. శృంగార్, ప్రజ్వల్ వంటివి విడి పూలకు, సువాసిని, వైభవ్ వంటివి కాడలకు. అదే నేల, అదే నీరు, అదే జాతి దుంప. విడి పూలు కోసిన రైతు పొద్దెక్కేసరికి తన లెక్క ముగించుకుంటాడు. కాడ కోసిన రైతుకు లెక్క అప్పుడే మొదలవుతుంది.

కోయగానే పువ్వు చనిపోదు. వేరు నుంచి నీరు ఆగిపోతుంది, ఆకుల నుంచి చక్కెర అందడం దాదాపు ఆగిపోతుంది. కాడలోనూ రేకల్లోనూ అప్పటికి దాచుకున్నదాన్నే ఖర్చుపెట్టుకుంటూ మొగ్గ పువ్వుగా విచ్చుకోవాలి. సాయంత్రం కోసిన గులాబీలో పగలంతా ఆకులు తయారుచేసిన చక్కెర ఎక్కువగా ఉంటుంది. తెల్లవారుజామున కోసినదానిలో రాత్రంతా పీల్చుకున్న నీరు ఎక్కువగా ఉంటుంది. మిట్టమధ్యాహ్నం కోస్తే నీరూ తక్కువ, పైగా పువ్వు వేడెక్కి ఉంటుంది. మంచి తోటల్లో కోసిన కాడను గట్టు మీద పడుకోబెట్టరు, కోసే మనిషి వెంటే నీళ్ల బకెట్టు ఉంటుంది. కాడ లోపలి సన్నని గొట్టాల్లోకి గాలి బుడగ చేరితే ఆ దారిన నీరు ఎక్కడం ఆగిపోతుంది. తర్వాత నిండు బకెట్టులో పెట్టినా పైనున్న పువ్వు దాహంతోనే ఉంటుంది. గులాబీ మొగ్గ విచ్చుకోకుండానే మెడ వాల్చేయడం చాలామంది చూసే ఉంటారు. అది ముసలితనం వల్ల అనుకుంటారు గానీ చాలాసార్లు కారణం ఈ అడ్డుపడిన గొట్టాలే. గాలి బుడగలు వదిలేసిన దారులను మురికి నీళ్లలో పెరిగే బాక్టీరియా మూసేస్తుంది. కుండీలో పెట్టే ముందు కాడ చివర రెండు సెంటీమీటర్ల మేర, వీలైతే నీటిలో ముంచి ఉంచే కత్తిరించమని చెప్పేది ఇందుకే.

జెర్బెరాను అసలు కోయకూడదు. కాడను మొదట్లో పట్టుకుని పక్కకు వంచి లాగితే ఊడి వస్తుంది. కత్తితో కోస్తే మిగిలిన మోడు కుళ్లి మొక్క గుండెకే తెగులు పాకుతుంది. లాగిన తర్వాత మాత్రం అడుగున ఉన్న గట్టి భాగాన్ని కత్తిరించాలి, అది నీరు పీల్చదు. మధ్యలో ఉన్న చిన్న చిన్న పూల వరుసల్లో బయటి రెండు విచ్చుకున్నాకే కోతకు రావాలి. తొందరపడి ముందే లాగితే రంగు, పరిమాణం అన్నీ బాగానే కనిపిస్తాయి. రెండో రోజుకు కాడ వంగిపోతుంది. గ్లాడియోలస్‌ను పడుకోబెట్టి రవాణా చేస్తే దాని కొస ఆకాశం వైపు తిరుగుతూ గూనిగా మారుతుంది కనుక నిలబెట్టే పంపాలి. ఇవన్నీ పొలంలో పనిచేసే ఆడవాళ్ల చేతుల్లో ఉన్న విద్యలు. కాడ పువ్వుకు మిగిలే ఆయుష్షు చాలావరకు ఆ చేతుల్లోనే తేలిపోతుంది. ఏ రైతు దగ్గర ఏ మనిషి కోస్తుందో మార్కెట్‌కు మాత్రం తెలియదు.

ఆ తర్వాతి శత్రువు వేడి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా కోసిన పువ్వు శ్వాస వేగం రెండు మూడు రెట్లు పెరుగుతుంది. అంటే దాచుకున్న చక్కెర అంత వేగంగా కరిగిపోతుంది. తక్కువలో తక్కువగా రెట్టింపే అనుకుందాం. అప్పుడు కూడా 32 డిగ్రీల షెడ్డులో గడిచిన 12 గంటలు, 2 డిగ్రీల శీతల గదిలో గడిచే నాలుగు రోజులతో సమానమవుతాయి. తోట నుంచి రోడ్డు దాకా ఒక పూట, బస్సు డిక్కీలో ఒక రాత్రి, మార్కెట్ అరుగు మీద ఒక ఉదయం గడిచేసరికి వారం రోజుల పువ్వు రెండు రోజుల పువ్వవుతుంది. చూపులకు ఏమీ తేడా ఉండదు. పండు మగ్గితే రంగు మారుతుంది, కూర వాడితే ముడతలు పడుతుంది. సగం విచ్చుకున్న గులాబీ మాత్రం తన వయసును చివరి రోజు దాకా బయటపెట్టదు. పైగా అన్ని పూలకూ ఒకే చలి పనికిరాదు. గులాబీకి 2, 3 డిగ్రీలు హాయిగా ఉంటే, వేడి దేశాల అడవుల్లో పుట్టిన ఆంథూరియం, చాలా ఆర్కిడ్లు ఆ చలికి నల్లబడిపోతాయి. మగ్గుతున్న అరటి, మామిడి పండ్ల పక్కన కార్నేషన్‌ను ఉంచితే ఆ పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు అది ఒక్క రోజులో ముడుచుకుపోతుంది. పండ్ల బుట్టలూ పూల పెట్టెలూ ఒకే వాహనంలో ప్రయాణించే చోట ఈ నష్టం ఎవరి ఖాతాలోకీ ఎక్కదు.

ఈ కనిపించని వయసును అమ్మకానికి పెట్టడం నేర్చుకున్న దేశం నెదర్లాండ్స్. ఆల్స్‌మీర్ పట్టణంలో 1911, 1912 సంవత్సరాల్లో పూల రైతులే కలిసి రెండు వేలం సంఘాలు పెట్టుకున్నారు. అంతకుముందు ఒక్కో రైతు ఒక్కో వ్యాపారికి ఒక్కో ధరకు అమ్ముకునేవాడు, పక్కవాడికి ఎంత పలికిందో తెలిసేది కాదు. 1968లో ఆ రెండు సంఘాలూ ఏకమయ్యాయి. 2008 నాటి విలీనంతో ఇప్పుడు రాయల్ ఫ్లోరాహాలండ్ పేరుతో నడుస్తున్న సహకార సంఘానికి మూలం అదే. నేటికీ దాని యజమానులు పూలు పెంచే రైతులే. అక్కడి వేలం మన పద్ధతికి తలకిందులు. గడియారం వంటి పలక మీద ధర పైనుంచి కిందికి జారుతూ వస్తుంది, ముందుగా మీట నొక్కినవాడిదే సరుకు. క్షణం ముందు నొక్కితే ఎక్కువ చెల్లించాలి, క్షణం ఆగితే సరుకు మరొకరిదవుతుంది. ఈ వింత పద్ధతి గురించే లోకమంతా మాట్లాడుకుంటుంది గానీ అసలు బలం గడియారంలో లేదు. ప్రతి బండి పూల పక్కన కనిపించే వివరాల్లో ఉంది. ఏ రైతు, ఏ రకం, ఎంత పొడవు, ఎంత విచ్చుకుంది, ఎన్ని కాడలు, తనిఖీలో ఏమి తేలింది అన్నీ కొనేవాడి ముందు ఉంటాయి. రైతు ఇచ్చే వివరాలు ఎంత నమ్మదగినవో కూడా అంకెల్లో చూపించే పద్ధతి అక్కడ ఉంది. అబద్ధం ఒకసారి చెల్లుతుంది, రెండోసారి ఆ రైతు పేరు చూడగానే చేతులు మీట మీద నుంచి వెనక్కి వెళ్తాయి. కొన్నవాడు డబ్బు సంఘానికి కడతాడు, సంఘం రైతుకు ఇస్తుంది. బాకీ కోసం రైతు వ్యాపారి గుమ్మం ఎక్కే పని లేదు.

గడియారంలో బలం లేదనడానికి రుజువు ఇప్పుడు అక్కడే కనిపిస్తోంది. కొనుగోలుదారులు వేలం హాలుకు రావడం మానేసి ఇంటి నుంచో ఆఫీసు నుంచో కంప్యూటర్ మీద కొంటున్నారు. పెద్ద సూపర్‌మార్కెట్లు వేలంతో పని లేకుండా తోటలతోనే నేరుగా ఒప్పందాలు చేసుకుంటున్నాయి. పువ్వును చూడకుండా, ముట్టుకోకుండా కొనగలుగుతున్నారంటే దాని గురించిన సమాచారాన్ని నమ్ముతున్నారన్నమాట. ఆ నమ్మకాన్ని కట్టడానికి వందేళ్లు పట్టింది.

నెదర్లాండ్స్ ఇప్పుడు అమ్మే గులాబీల్లో చాలా భాగం అక్కడ పూసినవి కావు. గులాబీకి కావలసింది చల్లని రాత్రి, మండని పగలు, ఏడాదంతా దాదాపు సమానమైన వెలుతురు. ఇవన్నీ భూమధ్యరేఖ దగ్గరి ఎత్తైన నేలల్లో ఉచితంగా దొరుకుతాయి. కెన్యాలోని నైవాషా సరస్సు దాదాపు 1,880 మీటర్ల ఎత్తున ఉంది. కొలంబియాలో బొగోటా మైదానం సుమారు 2,600 మీటర్లు, ఈక్వడార్‌లో కయాంబే సుమారు 2,800 మీటర్లు. చలికి మొగ్గ నెమ్మదిగా ఎదుగుతుంది, అందువల్ల కాడ పొడవవుతుంది, తల పెద్దదవుతుంది. కెన్యా గులాబీ విమానంలో యూరప్ చేరినా, వెచ్చబెట్టిన డచ్ గాజు ఇళ్లలో పెరిగిన గులాబీ కన్నా వాతావరణంలోకి వదిలే కార్బన్ చాలా తక్కువని బ్రిటన్‌లోని క్రాన్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయం 2007లో లెక్కగట్టింది. 12,000 కాడలకు కెన్యా వైపు సుమారు 6,000 కిలోలు, డచ్ వైపు సుమారు 35,000 కిలోలు. నైవాషా సరస్సు నీటి మీద పడిన భారం ఆ లెక్కలో లేదన్నది మరచిపోకూడదు. ఇటీవల అక్కడి గులాబీలు మొంబాసా రేవు నుంచి ఓడల్లో కూడా వెళ్తున్నాయి. నెల రోజుల సముద్ర ప్రయాణం తర్వాత కుండీలో నిలబడే పువ్వు ఉందంటే, కోత క్షణం నుంచి చలి ఎక్కడా తెగకుండా కాపాడారన్నమాట.

హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. బెంగళూరు, దాని పక్కనే తమిళనాడు వైపున ఉన్న హోసూరు 900 మీటర్ల చుట్టుపక్కల ఉన్నాయి. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, దక్షిణాదిలో కాడ గులాబీ వ్యాపారం హోసూరు, తళి ప్రాంతాల్లో ఎందుకు పాదుకుందో అదే చెబుతుంది. అక్కడి పల్లెల్లో తెలుగు మాట్లాడే రైతులు చాలామంది ఉన్నారు. ఏప్రిల్‌లో 40 డిగ్రీలు తాకే నేలలో గులాబీని పాలీహౌస్‌లో పెట్టినా మొగ్గ చిన్నబోతుంది, కాడ పొట్టిదవుతుంది. పాలీహౌస్ వానను ఆపుతుంది, ఎండ తీక్షణతను తగ్గిస్తుంది. వేడిని మాత్రం లోపల పోగేస్తుంది. ప్లాస్టిక్ కప్పు వేస్తే ఏ పువ్వైనా ఎక్కడైనా పండుతుందన్న నమ్మకం చాలామంది రైతులను ముంచింది.

ఆ నమ్మకానికి పెద్ద దెబ్బ 1990ల్లోనే తగిలింది. 1988 విత్తన విధానం విదేశీ మొక్కల దిగుమతికి దారి తెరిచింది. 1991 తర్వాత బెంగళూరు, పుణె, హైదరాబాద్ పరిసరాల్లో ఎగుమతి కోసమే డచ్ సాంకేతికతతో గులాబీ తోటలు వెలిశాయి. దశాబ్దం ముగిసేసరికి వాటిలో చాలా మూతపడ్డాయి. కారణాలు అందరికీ తెలిసినవే, కానీ వాటి మధ్య ఉన్న వరస గమనించాలి. చల్లని దేశానికి సరిపోయే కట్టడాలను ఇక్కడికి తెచ్చి పెట్టారు. కెన్యా పూలు సుంకం లేకుండా యూరప్‌లోకి వెళ్తుంటే, మన పూల మీద సుంకం పడింది. విమానం కిరాయి దాని మీద మరో భారం. అన్నిటికీ మించి, తోట నుంచి విమానం దాకా పువ్వును చల్లగా ఉంచే చలి గొలుసు ఎక్కడో ఒకచోట తెగేది. పువ్వు ఆల్స్‌మీర్ చేరేసరికి దాని వయసు మీద పడి ఉండేది. అక్కడ వయసును చూసే ధర కట్టేవారు కనుక దెబ్బ నేరుగా తగిలింది. ఆ తర్వాతి దశలో బెంగళూరుకు చెందిన కరుటూరి గ్లోబల్ సంస్థ 2007లో నైవాషాలోని గులాబీ తోటలనే కొనేసింది. ఎత్తును ఇక్కడికి తేలేనప్పుడు ఎత్తున్న చోటికే వెళ్లడం అది. 2014లో ఆ కెన్యా తోటలు అప్పులిచ్చినవారి తరఫున వచ్చే రిసీవర్ల చేతికి వెళ్లాయి. నేల, గాలి అనుకూలించినా పూల వ్యాపారం ఎంత సున్నితమైనదో ఆ ఏడేళ్లు చూపించాయి.

హోసూరు మాత్రం నిలిచింది. తాజ్‌మహల్ అనే ఎర్ర గులాబీ రకం అక్కడి నుంచి ఏటా ఫిబ్రవరి 14 కోసం విదేశాలకు వెళ్తుంది. దాని వెనుక లెక్క చూస్తే రైతు ఎంత సన్నని తాడు మీద నడుస్తున్నాడో అర్థమవుతుంది. కత్తిరించిన కొమ్మ మళ్లీ పువ్వు ఇవ్వడానికి దాదాపు ఆరేడు వారాలు పడుతుంది. ఎగుమతి పెట్టెలు జనవరి చివరి వారం నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా బయలుదేరాలి. అందుకని డిసెంబర్ మొదటి పక్షంలోనే కొమ్మలు కత్తిరించాలి. ఆ మధ్యలో రాత్రుళ్లు అనుకున్నదానికన్నా చల్లబడితే పూత నాలుగైదు రోజులు వెనక్కి జరుగుతుంది, ఎండలు ముదిరితే ముందుకు వస్తుంది. ముందుకు వచ్చిన పువ్వును శీతల గదిలో కొద్ది రోజులు నిలబెట్టవచ్చు. ఆలస్యమైనదానికి మందు లేదు. ఎగుమతికి అందనిది దేశీయ మార్కెట్‌కు, అక్కడికీ అందనిది 15వ తేదీ ధరకు వెళ్తుంది. ఏడాదంతా పెంచిన మొక్క ఆ రెండు వారాల్లోనే లాభమో నష్టమో తేల్చేస్తుంది.

హైదరాబాద్ చుట్టూ చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు రైతులు జెర్బెరాను ఎంచుకోవడం తెలివైన పనే. గులాబీ కన్నా అది వేడిని కాస్త ఓర్చుకుంటుంది. ఖర్చు మాత్రం ఓర్చుకోదగినది కాదు. కేంద్ర ప్రభుత్వపు సమీకృత ఉద్యాన అభివృద్ధి మిషన్ 2014 నాటి ప్రమాణాల ప్రకారమే, పెద్ద పాలీహౌస్ నిర్మాణానికి చదరపు మీటరుకు 844 రూపాయలు, జెర్బెరా మొక్కలకూ సాగు సామగ్రికీ 610 రూపాయలు. ఎకరం అంటే సుమారు 4,000 చదరపు మీటర్లు. కట్టడానికి 34 లక్షలకు దగ్గరగా, మొక్కలకు 24 లక్షలకు పైగా అవుతుంది. కేంద్రం సగం సబ్సిడీ ఇస్తే, తెలంగాణ ప్రభుత్వం ఒక దశలో 75 శాతం దాకా ఇచ్చింది. మిగిలినది బ్యాంకు అప్పు. చదరపు మీటరుకు ఆరు మొక్కల లెక్కన ఎకరానికి 24,000 మొక్కలు. చక్కగా చూసుకుంటే మొక్కకు ఏడాదికి 36 పూల వరకు వస్తాయి. అంటే 8 లక్షల 64 వేల పూలు, రోజుకు సగటున 2,300కు పైగా. కాడ ధర ఒక్క రూపాయి అటూ ఇటూ అయితే ఏడాది ఆదాయంలో 8 లక్షల 64 వేల తేడా వస్తుంది. మూడేళ్లు తిరిగేసరికి మొక్కలు అలసిపోతాయి, మళ్లీ కొత్తవి నాటాలి. రెండోసారి మొక్కలకు చేతి డబ్బు లేక ఖాళీ పాలీహౌస్‌లో కూరగాయలు వేసుకున్నవారూ ఉన్నారు.

ఆ ఒక్క రూపాయిని నిర్ణయించేది పంచాంగం. పెళ్లి ముహూర్తాలున్న వారంలో జెర్బెరా ధర పరుగెడుతుంది. ఆషాఢం వచ్చినా, మూఢం వచ్చినా, పుష్యం వచ్చినా పడిపోతుంది. మొక్కకు మూఢం లేదు. రోజూ రెండువేల పూలు విచ్చుకుంటూనే ఉంటాయి. ధర లేదని వదిలేయడానికీ లేదు. కోయని పువ్వు మొక్క బలాన్ని తినేస్తుంది, తెగుళ్లకు ఇల్లవుతుంది. కనుక కూలి ఇచ్చి కోయించి, గట్టున పారబోయాలి. 2020 మార్చి తర్వాత పెళ్లిళ్లు ఒక్కసారిగా ఆగినప్పుడు ప్రపంచమంతా ఈ దృశ్యమే కనిపించింది. ఆల్స్‌మీర్‌లోనే బండ్ల కొద్దీ పూలను ధ్వంసం చేయాల్సి వచ్చింది. మన రైతుకు మాత్రం అలాంటి రోజులు ప్రతి ఏటా క్యాలెండరులో ముందే రాసిపెట్టి ఉంటాయి. మూఢం ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో ఉగాదినాడే తెలుస్తుంది. ముహూర్తాలను బట్టి పాత మొక్కలు తీసి కొత్తవి నాటే నెలలను అమర్చుకోవడం సాధ్యమే. జాగ్రత్తగల రైతులు కొందరు చేస్తున్నారు కూడా. ఉద్యాన శాఖ సాగు సలహాల్లో తెగుళ్ల మందుల పక్కన ఈ లెక్కకు కూడా చోటు దొరకాలి.

ముహూర్తం మీద ఆధారపడడంలో ధరల ఊగిసలాట కన్నా లోతైన నష్టం ఒకటి ఉంది. పెళ్లి మండపానికి పువ్వు ఒక్క రాత్రి నిలిస్తే చాలు. సన్మాన సభలో ఇచ్చే బొకే అరగంట కనిపిస్తే చాలు. పది రోజులు బతకగల జెర్బెరా, రేపు ఉదయానికి వాలిపోయే జెర్బెరా, వేదిక మీద దీపాల వెలుగులో ఒకేలా ఉంటాయి. డెకరేషన్ చేసేవారు రెండిటికీ ఒకే ధర ఇస్తారు, వారి వైపు నుంచి చూస్తే తప్పు కూడా కాదు. అలాంటి కొనుగోలుదారే ప్రధానమైన చోట తెల్లవారుజామునే కోసిన రైతుకూ, మధ్యాహ్నం కోసి ఎండలో పడేసిన రైతుకూ తక్‌పట్టీ మీద, అంటే మార్కెట్‌లో రైతుకిచ్చే అమ్మకపు చీటీ మీద, ఒకే అంకె పడుతుంది. శుభ్రమైన బకెట్టుకు, శీతల గదికి పెట్టిన ఖర్చు తిరిగి రాదు. ఏడాది రెండేళ్లు చూసి మంచి రైతు కూడా ఆ ఖర్చు మానేస్తాడు. ప్లాస్టిక్ పూలు ఇంత సులువుగా మండపాల్లోకి చొరబడడానికీ కారణం ఇదే. దూరం నుంచి, ఒక్క రాత్రికి, ఫోటో కోసం అయితే ప్లాస్టిక్ పువ్వూ అదే పని చేస్తుంది, పైగా మర్నాడు మరో మండపానికి వెళ్తుంది. ప్లాస్టిక్ పూలను నిషేధించాలని పూల రైతులు చేస్తున్న డిమాండ్ న్యాయమైనది. అయితే బతికే పువ్వుకు, బతకని పువ్వుకు ఒకే ధర కట్టే మార్కెట్ అలాగే ఉంటే నిషేధం ఒక్కటే రైతును నిలబెట్టలేదు.

చేవెళ్ల రైతు చేతిలో నిజంగా ఉన్న ఆస్తి దగ్గరితనం. హోసూరు వాతావరణంతో అతను పోటీ పడలేడు. కానీ హోసూరు నుంచో బెంగళూరు నుంచో అట్టపెట్టెల్లో రాత్రంతా ప్రయాణించి వచ్చే పువ్వు కన్నా, తెల్లవారుజామున లాగి రెండు గంటల్లో హైదరాబాద్‌లోని గుడిమల్కాపూర్ పూల మార్కెట్ చేరే జెర్బెరాకు కనీసం ఒక రోజు ఎక్కువ ఆయుష్షు ఉంటుంది. వేసవిలో ఆ తేడా ఇంకా పెరుగుతుంది. మార్కెట్ కాడ పొడవు చూస్తుంది, తల వెడల్పు చూస్తుంది, రంగు చూస్తుంది. ఈ మూడింటిలోనూ చల్లని ప్రాంతానిదే పైచేయి. కోసిన తేదీని చూస్తే మన రైతుది పైచేయి, దాన్ని అడిగేవారే లేరు. పొరుగున ఉండి కూడా దూరపు రైతుతో అతనికి అనుకూలం కాని కొలతల మీదే పోటీ పడాల్సి రావడం అన్యాయం.

దీన్ని మార్చడానికి విదేశీ గడియారాలు అక్కర్లేదు. పది జెర్బెరాలను కట్టే రబ్బరు బ్యాండుకు చిన్న చీటీ తగిలించి దాని మీద తోట పేరు, కోసిన తేదీ, పూట రాయడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. ఒక్క రైతు రాస్తే ఎవరూ పట్టించుకోరు, నలభైమంది కలిసి ఒకే గుర్తుతో రాస్తే కొనేవారికి అలవాటవుతుంది. ఆల్స్‌మీర్ కూడా నాడు అలా కూడిన రైతులతోనే మొదలైంది. బెంగళూరు హెబ్బాళ్‌లో డచ్ పద్ధతి పూల వేలం కేంద్రం ఏళ్ల తరబడి నడుస్తోంది కనుక ఇది మన నేలకు పరాయి ఆలోచన కూడా కాదు. చీటీ మీద తేదీ ఉన్నంత మాత్రాన మండపాల వారు ధర పెంచరు. పెంచేది పువ్వు ఎన్నాళ్లుంటుందని ఆలోచించే కొనుగోలుదారులు. హోటళ్ల వరండాల్లో, ఆసుపత్రుల ముందు గదుల్లో, ఆఫీసుల్లో వారానికొకసారి పూలు మార్చేవారికి నాలుగు రోజుల పువ్వు కన్నా ఎనిమిది రోజుల పువ్వు సగం ధరకు దొరికినట్టే లెక్క. ఇళ్లలో కుండీలో పూలు పెట్టుకునే అలవాటు హైదరాబాద్, విజయవాడ, విశాఖ అపార్టుమెంట్లలో మెల్లగా పెరుగుతోంది. గులాబీలు కొని తెచ్చిన మర్నాడే మెడ వాల్చేస్తే ఆ కుటుంబం మళ్లీ కొనదు, పూల మీదే నమ్మకం పోగొట్టుకుంటుంది. నిలవని పువ్వును అమ్మిన ప్రతిసారీ రైతుకు రావలసిన రేపటి కొనుగోలుదారు ఒకరు జారిపోతున్నారు.

కొనేవారి చేతిలోనూ కొంత ఉంది. పాతబడిన గులాబీ బయటి రేకలు వాడి మచ్చలు పడితే వాటిని తీసేసి లోపలి నిగనిగలాడే రేకలతో నిలబెట్టడం దుకాణాల్లో మామూలే. అలా తీసిన పువ్వు మిగతావాటి కన్నా సన్నగా కనిపిస్తుంది, కింద రేకలు ఊడిన ఆనవాళ్లు ఉంటాయి. మొగ్గ అడుగున, పచ్చని భాగానికి కాస్త పైన, రెండు వేళ్లతో మెల్లగా నొక్కి చూడాలి. గట్టిగా తగిలితే అది ఇటీవలిది, మెత్తగా లోపలికి పోతే దాని రోజులు అప్పటికే ఎవరో వాడేసుకున్నారు. కాడ చివర గోధుమ రంగులోకి మారి జిగురుగా ఉంటే చాలాసేపటిగా మురికి నీళ్లలో ఉన్నట్టు. జెర్బెరా అయితే మధ్య భాగం చూడాలి, పుప్పొడి అంతటా రాలి పొడిపొడిగా ఉంటే వయసు మీరింది. ఈ పరీక్షలన్నీ చేసిన తర్వాత దుకాణదారును ఒక్క మాట అడగాలి, ఇది ఎప్పుడు కోసినదని. ఇప్పటికి చాలా కొట్లలో దానికి జవాబు ఉండదు, కానీ పదిమంది అడిగిన కొట్టువాడు మర్నాడు మార్కెట్‌లో ఏజెంటును అడుగుతాడు, ఆ ఏజెంటు రైతును అడుగుతాడు.